ఓనర్ అయితే సరిపోదు

పాత డెస్క్‌టాప్ ఇక లేవదని తేలాక, దాని హార్డ్ డిస్క్ ఊడదీసి కొత్త ల్యాప్‌టాప్‌కి తగిలిస్తాం. యూజర్స్ ఫోల్డర్ కనిపిస్తుంది. అందులో మన పేరుతో ఉన్న ఫోల్డర్ మీద నొక్కగానే, దీన్ని తెరిచే అనుమతి ప్రస్తుతం మీకు లేదంటుంది విండోస్. ఫొటోలు మనవి, డిస్క్ మనది, డబ్బు కట్టింది మనం. విండోస్‌కి బిల్లులతో పనిలేదు.

పేర్లతో అంతకన్నా పనిలేదు. అది ప్రతి ఖాతానూ ఎస్‌ఐడీ అనే పొడుగాటి నంబరుతో గుర్తిస్తుంది. ఇళ్లలో వాడే ఖాతాలకు అది ఎస్-1-5-21 అని మొదలవుతుంది. తర్వాత ఆ కంప్యూటర్‌కే చెందిన మూడు సంఖ్యలు, చివర ఖాతా నంబరు ఉంటాయి. విండోస్‌తోపాటే వచ్చే అడ్మినిస్ట్రేటర్‌ది 500, మనం తెరుచుకున్న ఖాతాలవి 1000, ఆపైన. పాత మిషన్‌లోని సురేశూ కొత్త మిషన్‌లోని సురేశూ ఒకే మనిషి కావచ్చు గానీ, విండోస్ లెక్కలో వాళ్లిద్దరికీ చుట్టరికం కూడా లేదు. పాత డిస్క్‌లోని ఫైలుకు ఓనర్ ఎవరని చూస్తే పేరు బదులు అంకెల వరస కనిపించేది అందుకే.

ఓనర్‌షిప్, పర్మిషన్ ఒకటేనని చాలామంది అనుకుంటారు. పాత పహాణీల్లో పట్టాదారు కాలమ్ వేరుగా, అనుభవదారు కాలమ్ వేరుగా ఉండేవి, ఇక్కడా అంతే. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ ప్రతి ఫైలుకూ ఓనర్‌ని ఒకచోట రాసుకుంటుంది. ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు, ఎవరు చెరపొచ్చు అన్న జాబితా ఇంకోచోట ఉంటుంది. జాబితాలో పేరు లేని ఓనర్ సొంత ఫైలునే తెరవలేడు. మామూలుగా అతనికి తప్పకుండా దక్కేది ఆ జాబితాను చూసి, మార్చుకునే హక్కు. అందుకే ఈ పని రెండు విడతలు: ముందు ఓనర్ కావాలి, తర్వాత తనకు తానే అనుమతి రాసుకోవాలి. మొదటిది చేసి రెండోది మరిచిపోయినవాళ్లే 'ఓనర్‌నయ్యాను, అయినా తెరుచుకోవడం లేదు' అని తల పట్టుకుంటారు.

'నేను అడ్మినిస్ట్రేటర్‌నే కదా' అనే వాదన ఒకటుంది. 2007లో జనం చేతికొచ్చిన విస్టా నుంచి అడ్మినిస్ట్రేటర్ లాగిన్ అయినా విండోస్ అతన్ని మామూలు మనిషిగానే తిప్పుతుంది. అడ్మినిస్ట్రేటర్ల గుంపులో సభ్యత్వం ఉంటుంది గానీ, తెరమీద అడిగి 'ఎస్' అనిపించుకునేదాకా అది చెల్లదు. ఆ గుంపు నంబరు మాత్రం ఏ విండోస్‌లోనైనా ఒకటే, ఎస్-1-5-32-544. కాబట్టి పాత డిస్క్‌లోని జాబితాలో అడ్మినిస్ట్రేటర్లకు చోటుంటే, సందేశం కింద ఉన్న 'కంటిన్యూ' నొక్కితే చాలు, మన ఖాతా ఆ జాబితాలో శాశ్వతంగా చేరిపోతుంది. చాలా ఇళ్లలో కథ ఇక్కడే ముగుస్తుంది.

ముగియకపోతే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ దాకా వెళ్లాలి. ఓనర్ పక్కన ఉన్న 'చేంజ్' నొక్కి మన ఖాతా పేరు టైప్ చేసి, 'చెక్ నేమ్స్'తో సరిచూసుకోవాలి. లోపలి ఫోల్డర్లకూ ఫైళ్లకూ ఓనర్‌ని మార్చమనే పెట్టెలో టిక్ పెట్టి ఓకే చేయాలి. ఆ తర్వాత కిటికీలన్నీ మూసి మళ్లీ తెరవాలి. ఎన్నిసార్లు నొక్కినా ఈ మర్యాద పాటించకపోతే కొత్త ఓనర్‌ని విండోస్ గుర్తించదు. రెండోసారి వెళ్లినప్పుడు 'యాడ్' నొక్కి మనకు ఫుల్ కంట్రోల్ ఇచ్చుకుంటే పని అయినట్టే.

సిస్టమ్ ఫైళ్ల సంగతి వేరు. విండోస్ ఫోల్డర్‌లో చాలా ఫైళ్లకు ఓనర్ ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్, అంటే అప్‌డేట్లు వేసే సర్వీస్. అడ్మినిస్ట్రేటర్లకు సైతం అక్కడ సాధారణంగా చదివి నడిపించుకునే హక్కే ఉంటుంది. రైట్ క్లిక్ మెనూలో 'టేక్ ఓనర్‌షిప్' అనే మీట పెట్టే చిట్కా బాగా తిరుగుతోంది. సీ డ్రైవ్ మొత్తానికి దాన్ని వాడేవాళ్ల ధైర్యం గొప్పదే; ఆ తర్వాత ఏ వైరస్‌కైనా వాళ్ల పేరు చెప్పుకుంటే చాలు, దారులన్నీ తెరిచే ఉంటాయి.

'డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్' అనే ఫోల్డర్ తెరుచుకోలేదని గొడవపడేవాళ్లూ ఉన్నారు. అసలది ఫోల్డరే కాదు, పాత ప్రోగ్రాముల్ని యూజర్స్ వైపు మళ్లించే దారిపలక. అలాంటిదే 'అప్లికేషన్ డేటా'. దానిమీది నిషేధాన్ని తీసేస్తే, కాపీ చేసే ప్రోగ్రాములు కొన్ని దాంట్లోంచి దాంట్లోకే దూరుతూ తిరుగుతాయి.

ఓనర్‌షిప్‌తో తెరుచుకోనివీ ఉన్నాయి. బిట్‌లాకర్ వేసిన డిస్క్ 48 అంకెల రికవరీ కీ అడిగితే, ఆ కీ ఉండాల్సిందే. విండోస్‌లోనే విడిగా ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లకు పాత ఖాతా సర్టిఫికెట్ కావాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అనుమతి ఇవ్వాల్సింది విండోస్ కాదు, ఆఫీసు.

ఏ ఫోల్డర్‌కైనా ఓనర్‌ని మార్చేముందు పాత ఓనర్ పేరో నంబరో కాగితం మీద రాసి పెట్టుకోండి. మార్చాక మీ పేరు తప్ప ఇంకేదీ ఆ గడిలో మిగలదు.