ఎనిమిది గంటల్లో ఇస్తాంబుల్... అత్తయ్యగారితో సహా!

కుటుంబంతో నాలుగూళ్ళు తిరిగిన ఏ ఇల్లాలినైనా అడిగి చూడండి. ప్రతి ప్రయాణంలోనూ సామాను దగ్గర కూర్చునే మనిషి ఒకరుంటారు. గుడి బయట చెప్పుల దగ్గర, జూలో క్యారియర్ దగ్గర, స్టేషన్లో పెట్టెల దగ్గర. చాలాసార్లు ఆ మనిషి ఆడమనిషే. కాస్త వయసు మళ్ళినావిడైతే ఎవరూ చెప్పక్కర్లేకుండా తనే ముందు అనేస్తుంది: "మీరు చూసి రండర్రా, నేనిక్కడ కూర్చుంటా" అని. మిగతావాళ్ళు హాయిగా కదిలిపోతారు.

ఓడ ప్రయాణంలో ఈ పని మరీ సులువు. ఓడంటే నీళ్ళ మీద తేలే పెద్ద హోటలే కదా! గది ఉంది, భోజనం ఉంది, పడుకోవడానికి మంచం ఉంది. రేవులో ఆగినప్పుడు కుర్రకారు దిగి ఊరు చూసొస్తారు, పెద్దవాళ్ళు గదిలో ఉండిపోతారు. ఇందులో ఎవరికీ తప్పు కనిపించదు.

2024 అక్టోబరులో మేం గ్రీసు దేశంలోని పిరేయస్ రేవులో ఓడ ఎక్కాం. మావారు, నేను, పదహారేళ్ళ అబ్బాయి, పదేళ్ళ అమ్మాయి, మా అత్తయ్యగారు. ఆవిడకి డెబ్బై నిండాయని జర్మనీలో ఉన్న మా మరిది ఓడ టిక్కెట్లు కొని పంపించాడు. పాపం తనకి సెలవు దొరకలేదు. విమానం ఖర్చు మాది. దానికోసం మావారు చిట్టీ పాడారు. చిన్న చిన్న దీవులన్నీ అయ్యాక ఇస్తాంబుల్ వచ్చింది. ఉదయం ఎనిమిదింటికి ఓడ ఆగుతుంది, సాయంత్రం ఐదున్నరకల్లా అందరూ ఎక్కేయాలి. దిగడానికీ ఎక్కడానికీ పట్టే సమయం తీసేస్తే చేతిలో ఉండేది ఎనిమిది గంటలు. కోటిన్నర మంది పైన ఉండే ఊరికి ఎనిమిది గంటలు!

కాగితం మీద ఐదు పేర్లు

ముందురోజు రాత్రి మా అబ్బాయి ఓ జాబితా రాశాడు. తొమ్మిది చోట్లు! మావారు అది చూసి, "ఇంత నడక అమ్మ వల్ల కాదు, మోకాళ్ళు పట్టేస్తాయి. అమ్మ ఓడలోనే ఉంటుందిలే" అన్నారు. అత్తయ్యగారు వెంటనే, "అవున్రా నాన్నా, నాకెందుకు, మీరెళ్ళి రండి" అనేశారు.

నాకు నచ్చలేదు. "ఆవిడ డెబ్బయ్యో ఏడని వచ్చాం. ఆవిడని గదిలో పెట్టి తాళం వేసి మనం తిరగడమేమిటండీ?" అన్నాను. ఆ తొమ్మిది చోట్ల కాగితం తిప్పి, వెనకవైపు ఐదుగురి పేర్లు రాశాను. ఒక్కొక్కరికి ఒక్కటే కోరిక. ఇంకో షరతు కూడా పెట్టాను: కూర్చోవాల్సిన చోట అత్తయ్యగారితోపాటు ఎవరో ఒకరు కూర్చోవాలి, అదీ వంతులవారీగా. ఆ వంతుల్లో మగవాళ్ళకి మినహాయింపు లేదు.

మావారు గ్రాండ్ బజారు అన్నారు. దాదాపు నాలుగు వేల కొట్లున్న పాత బజారది. అబ్బాయి భూగర్భంలో ఉన్న పాతకాలం నీటితొట్టి అన్నాడు. అమ్మాయికి పిల్లులు చూడాలట. ఇస్తాంబుల్ వీధిపిల్లులు లోకప్రసిద్ధం మరి! బి.ఏ.లో 1453, కాన్‌స్టాంటినోపుల్ పతనం అని బట్టీ పట్టిన దాన్ని గనక నేను హగియా సోఫియా అన్నాను. అత్తయ్యగారు మాత్రం "నాకేముందమ్మాయ్, మీ ఇష్టమే నా ఇష్టం" అన్నారు. అలా కుదరదని ఆవిడ పేరు పక్కన ఖాళీ వదిలేశాను.

నేల కింద నుంచి ఊళ్ళోకి

ఇస్తాంబుల్లో ఓడలు ఆగే కొత్త రేవు పేరు గలతాపోర్ట్. 2021లో మొదలైంది. ప్రయాణికుల తనిఖీలన్నీ నేల కింద జరుగుతాయి. పైకి రాగానే నేరుగా ఊరే! ఐదు నిమిషాలు నడిస్తే తోఫానే అనే ట్రామ్ స్టాపు. అక్కడి యంత్రంలో ఓ కార్డు కొని, ఐదుగురికీ ఐదుసార్లు ఆనించాం. టాక్సీ బేరాల బాధ లేదు. ట్రామ్ గలతా వంతెన దాటుతుంటే వంతెన పొడుగునా గాలాలు వేసి చేపలు పడుతున్న జనం. అరగంటలోపే సుల్తానహ్మెత్‌లో దిగాం. ఎక్కుడు దిగుడు మెట్లు లేని ట్రామ్ కావడంతో అత్తయ్యగారికి ఇబ్బంది కలగలేదు.

అక్కడ ఎదురెదురుగా రెండు పెద్ద కట్టడాలు. ముందుగా నీలి మసీదుకి వెళ్ళాం. నమాజు వేళల్లో యాత్రికుల్ని రానివ్వరు గనక ఉదయమే చూసెయ్యడం మేలు. టిక్కెట్టు లేదు. సుల్తాన్ అహ్మద్ 1609లో మొదలుపెడితే 1616కి పూర్తయింది. ఆరు మినార్లు. లోపల గోడల నిండా నీలిరంగు పువ్వుల పెంకులు, ఇరవై వేలకి పైనే. గుమ్మం దగ్గర చెప్పులు విప్పమన్నారు, ఆడవాళ్ళని తల కప్పుకోమన్నారు. నేను చున్నీ కోసం సంచీలో వెతుక్కుంటుంటే అత్తయ్యగారు చీర కొంగు తలమీదకి లాక్కుని, చెప్పులు ఓ పక్కగా పెట్టి, ఎప్పుడూ వెళ్ళే గుళ్ళోకి వెళ్ళినట్టు వెళ్ళిపోయారు. తివాచీ మీద నడుస్తూ, "ఎంత మెత్తగా ఉందే!" అని మురిసిపోయారు.

బెంచీ మీద తల్లీ కొడుకూ

హగియా సోఫియా కథ వేరు. జస్టీనియన్ చక్రవర్తి ఐదారేళ్ళలో కట్టించి, 537లో ప్రారంభించిన చర్చి అది. 1453లో తురుష్కులు ఊరిని గెలిచాక మసీదైంది. 1935లో మ్యూజియం అయింది. 2020లో మళ్ళీ మసీదు. 2024 జనవరి నుంచి విదేశీ యాత్రికులు తలకి 25 యూరోలు కట్టి పైన గ్యాలరీలోకి మాత్రమే వెళ్ళాలి. కింది అంతస్తు నమాజు చేసుకునేవాళ్ళది. ఆ గ్యాలరీకి దారి పాత రాళ్ళు పరిచిన ఏటవాలు. చూడగానే అత్తయ్యగారి మోకాళ్ళు వద్దన్నాయి.

"బెంచీ వంతు మీదండీ" అన్నాను మావారితో. ఆయన ఓసారి నా వంక, ఓసారి టిక్కెట్ల క్యూ వంక చూసి, తల్లి పక్కన కూర్చున్నారు.

పిల్లలూ నేనూ పైకెళ్ళాం. దాదాపు ముప్ఫయ్యొక్క మీటర్ల వెడల్పున్న గుమ్మటం తలమీద తేలుతున్నట్టుంది. బంగారు రంగు రాళ్ళతో అతికిన క్రీస్తు బొమ్మ ఓ పక్క, పెద్ద పెద్ద అరబ్బీ అక్షరాల పలకలు ఇంకో పక్క. ఇద్దరూ ఒకే కప్పు కింద. ఎప్పుడో పరీక్షకోసం చదివిన ఊరు కళ్ళెదురుగా కనబడుతుంటే నాకు కాళ్ళు కదల్లేదు. మా అబ్బాయే గుర్తుచేశాడు, "అమ్మా, టైమ్!" అని.

దిగి వచ్చేసరికి తల్లీకొడుకులిద్దరూ సిమిత్ తింటున్నారు. నువ్వులద్దిన గుండ్రటి రొట్టె అది, వీధి బండ్ల మీద అమ్ముతారు. మావారి ముఖం ఏదోలా ఉంది. "అమ్మ కోరిక దొరికింది. పడవ" అన్నారు.

సంగతేమిటంటే, మావారు ఏడాదిన్నర పిల్లాడుగా ఉన్నప్పుడు ఇంటిల్లిపాదీ కాశీ వెళ్ళారట. ఘాట్లన్నీ చూద్దామని అందరూ పడవ మాట్లాడుకున్నారు. పిల్లాడికి జ్వరం. సత్రంలో సామాను. ఇంకేముంది, కొత్తకోడలు పిల్లాడితో, పెట్టెలతో సత్రంలో ఉండిపోయింది. కాశీ వెళ్ళొచ్చి కూడా గంగ మీద పడవెక్కలేదు. నలభై ఏళ్ళ పైమాట. "నేనెప్పుడూ వినలేదు" అన్నారు మావారు. "నువ్వెప్పుడు పక్కన కూర్చున్నావురా వినడానికి?" అన్నారావిడ నవ్వుతూనే. నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది.

మావారు జేబులోంచి కాగితం తీసి గ్రాండ్ బజారు కొట్టేశారు. "తివాచీ కొంటే మాత్రం మోసేదెవరు?" అన్నారు పిల్లలతో.

నేల కింద నీళ్ళు, నేల మీద వరుగులు

నీటితొట్టికి అబ్బాయితో మావారు వెళ్ళారు. అదీ జస్టీనియన్ కాలందే. 336 స్తంభాలు, కింద నీళ్ళు, చీకట్లో దీపాలు, మూలగా తలకిందులుగా పెట్టిన మెడూసా రాతి తల. చాలా మెట్లు దిగాలి. ఈసారి బెంచీ వంతు నాదీ అమ్మాయిదీ. అమ్మాయికి పిల్లులు ఇక్కడే దొరికాయి. బెంచీకి మూడు చొప్పున ఉన్నాయి! ఊళ్ళోవాళ్ళు వాటికి మేతా నీళ్ళూ పెడతారు. ఒకటి వచ్చి అత్తయ్యగారి కుచ్చిళ్ళ మీద దర్జాగా పడుకుంది.

ఓడలోంచి వండిన తిండి బయటికి తేనివ్వరు గనక పులిహోర ఆశ లేదు. శాకాహారులకి భయమేం లేదులెండి. బంగాళాదుంపో పాలకూరో పెట్టి కాల్చే పల్చటి రొట్టెలున్నాయి, బండ్ల మీద మొక్కజొన్న పొత్తులున్నాయి. పప్పు సూపులో మాంసం ఉడికించిన నీళ్ళు పోశారేమో అడిగి మరీ తీసుకోవాలి. అన్నిటికంటే అత్తయ్యగారికి నచ్చింది అయ్రాన్. అచ్చం మన ఉప్పు మజ్జిగే!

ట్రామెక్కి కిందికి, ఎమినోనుకి వచ్చాం. పడవల రేవు పక్కనే పదిహేడో శతాబ్దపు మసాలా బజారు ఉంది. అరగంట చాలనుకున్నాం గానీ అత్తయ్యగారు ఓ కొట్టు ముందు ఆగిపోయారు. దండలుగా గుచ్చి వేలాడదీసిన ఎండు బెండకాయలు, ఎండు వంకాయ డొప్పలు. "ఇవి వరుగులే అమ్మాయ్!" అన్నారు. కొట్టతను నీళ్ళలో నానబెట్టి, కూరి, వండాలని చేతులతో చూపించాడు. ఆవిడ ఎండబెట్టి, ఉప్పు చల్లి, డబ్బాలో దాచడం చూపించారు. భాష రాని ఇద్దరూ ఐదు నిమిషాలు వంట గురించి మాట్లాడుకున్నారు! పైగా మనకి తెలిసిన మాటలెన్నో అక్కడ వినబడతాయి: చాయ్, దుకాణ్, సబూన్, కలెమ్, దున్యా. అరబ్బీ, పారసీల మీదుగా వాళ్ళకీ మనకీ వచ్చినవే.

ఈ ఒడ్డు యూరప్, ఆ ఒడ్డు ఆసియా

ఎమినోను నుంచి ఉస్కుదార్‌కి ఊరివాళ్ళు రోజూ ఆఫీసులకీ బజార్లకీ ఎక్కే పడవలున్నాయి. ట్రామ్‌లో వాడిన కార్డే చెల్లుతుంది. యాత్రికుల పడవల్లా పెద్ద ధరలుండవు. ఇరవై నిమిషాల్లో యూరప్ నుంచి ఆసియాకి చేరుస్తాయి. మధ్యలో ఉన్నది బాస్ఫరస్ జలసంధి. నల్లసముద్రం నుంచి మర్మరా సముద్రం దాకా ముప్ఫై కిలోమీటర్ల నీటిదారి, అన్నిటికంటే ఇరుకైన చోట ఏడొందల మీటర్లే. వెనక్కి చూస్తే గుమ్మటాలూ మినార్లూ. ముందుకి చూస్తే నీళ్ళ మధ్యలో, దీపస్తంభంలా ఒంటరిగా కన్యాబురుజు.

అత్తయ్యగారు అంచు బల్ల మీద కూర్చున్నారు, గాలికి కొంగు నడుం చుట్టూ దోపుకుని. సిమిత్ ముక్కలు విసురుతుంటే పక్షులు గాల్లోనే అందుకుంటున్నాయి. చిన్న గాజుగ్లాసులో పాలు లేని టీ వచ్చింది. "ఇదేం టీరా!" అంటూనే రెండు గ్లాసులు తాగారు. అవతలి ఒడ్డున దిగి, "ఇది మన ఆసియాయేనా? అయితే ఇంటికి దగ్గరకొచ్చామన్నమాట" అన్నారు. ఇరవై నిమిషాలు ఒడ్డున కూర్చుని, అదే పడవలో వెనక్కి వచ్చాం.

తిరుగుదారిలో మాత్రం గుండె దడదడలాడింది. ఎమినోనులో ట్రామ్ కిక్కిరిసిపోయి ఉంది. మొదటిది వదిలేశాం, రెండోదాంట్లో ఎలాగో దూరాం. అయితేనేం, రెండో స్టాపే మాది. ఐదు కాకముందే ఓడలో ఉన్నాం. చూసిన చోట్లు లెక్కపెడితే తొమ్మిదికి ఐదు. కానీ ఐదుగురం చూశాం.

మీరూ వెళ్తుంటే...

సొంతంగా దిగి తిరిగేవాళ్ళ కోసం ఓడ ఆగదు. ఎక్కాల్సిన వేళకి కనీసం గంట ముందే రేవుకి చేరేలా చూసుకోండి. వెళ్ళేటప్పుడు దూరంగా ఉన్నవి ముందు చూసి, రేవుకి దగ్గరవి ఆఖర్న పెట్టుకోండి. అప్పుడు ఆలస్యమైనా కంగారుండదు. ఓడ గడియారం, ఊరి గడియారం ఒకటేనో కాదో దిగేముందు కనుక్కోండి. మన పాస్‌పోర్టుకి ఆ దేశంలో దిగడానికి వీసా కావాలో లేదో టిక్కెట్టు కొనేటప్పుడే అడగండి. గ్రాండ్ బజారుకి ఆదివారం సెలవు. తల కప్పుకోవడానికి ఓ చున్నీ, తేలిగ్గా విప్పి తొడుక్కునే చెప్పులు ఉంటే చాలు.

ఇక, ఇంట్లో పెద్దావిడ "నాకేముంది, మీ ఇష్టమే" అన్నారనుకోండి, ఆ మాట నమ్మకండి. పక్కన ఓ అరగంట కూర్చోండి. అదీ కోడలు కాదు, కొడుకే కూర్చోవాలి.