యౌవనమున మలబద్ధకము

అమలాపురమున ఏ మందుల దుకాణము ముందు కొంతసేపు నిలిచినను, ఇరువదియేండ్లు నిండీ నిండని పిల్లవాడొకడు వచ్చి "గ్యాస్ బిళ్ల ఒకటి ఇవ్వండి బాబాయ్" అని అడుగుటయు, దుకాణదారు మారుప్రశ్న వేయక ఇచ్చుటయు కంటబడును. ఆ బిళ్ల కడుపులోని ఆమ్లమును తగ్గించునదే కాని, నాలుగుదినములుగా కదలని మలమును కదలించునది కాదు. కడుపుబ్బరము, త్రేనుపులు, ఆకలి మందగించుట, విరేచనము సాగకపోవుట, ఇవి యన్నియు నెలల తరబడి ఆ బిళ్ల చాటుననే అణగియుండి, అసలు కారణమును విచారించువారు లేక ముదిరిపోవుచున్నవి.

ప్రతిదినము విరేచనము కాకున్న అది మలబద్ధకమే యని పెక్కుమంది తలంతురు. దినమునకు మూడుసార్లు మొదలుకొని వారమునకు మూడుసార్ల వరకు అగుట ఆరోగ్యవంతులలో సహజమే. వారమునకు మూడుసార్లకంటె తగ్గుట, తరచు గట్టిగా ముక్కవలసివచ్చుట, మలము మేకపెంటికలవలె గట్టిపడుట, వెళ్లివచ్చిన పిమ్మటను ఇంకను మిగిలియున్నట్లు తోచుట, మలద్వారమువద్ద ఏదో అడ్డుపడినట్లుండుట, ఈ లక్షణములలో రెండైనను గడచిన మూడు నెలలుగా విడువక, మొదలై ఆరు నెలలు దాటియున్నచో, దానిని దీర్ఘకాలిక మలబద్ధకముగా పరిగణింపవలెనని అంతర్జాతీయ ఉదరవ్యాధి నిపుణులు కూర్చగా 2016లో వెలువడిన రోమ్ ప్రమాణములు నిర్దేశించుచున్నవి. మలము యొక్క ఏడు రూపములను చిత్రించిన బ్రిస్టల్ పట్టిక యొకటి వైద్యులయొద్ద ఉండును; నోరు విప్పి చెప్పుటకు సిగ్గుపడు పిల్లలు సైతము దానిలో తమదానిని వ్రేలితో చూపగలరు.

విచారణలో తొలిభాగము, నా దృష్టిలో అత్యంత ప్రధానమైన భాగము, ప్రశ్నలడుగుట. తెల్లవారుజామున లేచి, రెండు ముద్దలు నోట వేసికొని, కాలేజీ బస్సునందుకొను కుర్రవానికి, భోజనానంతరము పెద్దప్రేవు సహజముగా కదలు ఆ శుభసమయము బస్సులోనే గడచిపోవును. కాలేజీలోని మరుగుదొడ్డికి జంకి సాయంకాలమువరకు మంచినీరే ముట్టని ఆడపిల్లలు ఎందరో కలరు. ఈ సంగతి వారు తల్లికి సైతము చెప్పరు. ఇట్లు మలవేగమును పదేపదే ఆపుకొన్నచో, కాలక్రమమున ఆ సూచనయే మందగించును. మూడుపూటల పాలిషు బియ్యమే ఆహారమై, పనసపొట్టు, అరటిదూట, తోటకూర పెద్దల విస్తళ్లకే పరిమితమైన యిండ్లలో పీచుపదార్థము కొరవడుట వింత కాదు. రాజోలు ప్రాంతమునుండి గల్ఫు దేశములకేగి, ఎండలో పనిచేయుచు చాలినంత నీరు త్రాగని యువకుల స్థితియు అట్టిదే. వాడుచున్న మందులనుగూడ అడుగవలెను: ఇనుము బిళ్లలు, కాల్షియము బిళ్లలు, కొన్ని ఆమ్లహారులు, కోడీను కలిసిన దగ్గుమందులు, మానసికవ్యాధులకిచ్చు కొన్ని ఔషధములు, ఇవి యన్నియు మలమును బిగబట్టునవే.

కడుపుబాధ యువకుల ప్రాణములనే హరించిన ఉదంతము గోదావరీతీరమునకు తెలియనిది కాదు. గోదావరి పాయయైన వసిష్ఠకు ఆవలనున్న భీమవరమున 1895లో జన్మించిన శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు, తిన్నది ఒంటబట్టనీయక విరేచనములతో మనిషిని క్షీణింపజేయు స్ప్రూ వ్యాధికి తన సోదరులిద్దరిని కొద్దిదినముల వ్యవధిలో కోల్పోయెను; తానును దానికే లోనై, ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సవలన కోలుకొనెను. అనంతరకాలమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున, 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారై, స్ప్రూ రోగుల చికిత్సకు అక్కరకు వచ్చెను. అది మలబద్ధకమునకు విపరీతమైన వ్యాధియే అయినను, ఎడతెగని ఉదరవ్యాధిని వయసునుబట్టి తేలికగా చూడరాదనుటకు ఆ కుటుంబము పడిన వ్యథకంటె వేరు నిదర్శన మక్కరలేదు. కావున యువకుడైనను బరువు తగ్గుచున్నను, మలములో రక్తము కనబడినను, సాయంకాలపు జ్వరము వచ్చుచున్నను, పాలిపోయినను, రాత్రివేళ నొప్పికి మెలకువ వచ్చుచున్నను, ఆలస్యము చేయరాదు. మనదేశమున ప్రేవుల క్షయ నేటికిని కలదు. ప్రేవులను వాచజేయు క్రోన్స్ వ్యాధియు తరచు యౌవనముననే తల యెత్తును. అట్టి సూచనలున్నపుడే గొట్టముతో పెద్దప్రేవు లోపల చూచు కొలనోస్కోపీ, స్కానింగు అవసరమగును. అవి లేనివారికి రక్తకణముల లెక్క, థైరాయిడ్, చక్కెర, కాల్షియము పరీక్షలు మొదట చాలును.

వీనికన్న ముఖ్యమైనది, వైద్యుడు చేతితొడుగు ధరించి ఆసనమును వ్రేలితో పరీక్షించుట. రోగి సిగ్గువలనను, వైద్యుని తొందరవలనను ఇది తరచు తప్పిపోవును. కొందరికి ముక్కునపుడు సడలవలసిన కండరములు సడలక మరింత బిగుసుకొనును. పీచు తిన్నను, మందు మ్రింగినను వారికి సుఖము కలుగదు. ఈ లోపము వ్రేలికి చాలవరకు దొరకును. నిర్ధారణకు పెద్ద ఆసుపత్రులలో ఒక చిన్న బుడగను లోపల నుంచి, అందులో సుమారు 50 మిల్లీలీటర్ల నీరు నింపి, బయటికి పంపుమందురు. ఒకటి రెండు నిమిషములలో పంపలేకపోయినచో దోషము అచటనే యుండవచ్చునని గ్రహింతురు. ఆ కండరములను సడలించుటకు నేర్పు బయోఫీడ్‌బ్యాక్ అను శిక్షణ అట్టివారికి మందులకన్న మేలు చేయును.

తక్కినవారికి చికిత్స సులభమే. దినమునకు 25 నుండి 30 గ్రాముల పీచును క్రమక్రమముగా అలవరచుకొనుట, ఇసబ్గోలును నిండు గ్లాసుడు నీటితో పుచ్చుకొనుట, ఉదయపు ఫలహారము పిమ్మట తొందరలేక కూర్చుండుట, కమోడు వాడువారు పాదముల క్రింద చిన్న పీట వేసికొనుట మొదటి మెట్టు. చాలనిచో వైద్యుడు పాలిఇథిలీన్ గ్లైకాలునో, లాక్టులోజునో వ్రాయును. ఆముదము, సునాముఖి ఏనాడో ఒకప్పుడు పుచ్చుకొన్న తప్పులేదు కాని, కారణ మెరుగక వారమువారమును కడుపు కడుగుకొనుట చికిత్స యనిపించుకొనదు.

రాజోలున నున్నను, కొత్తపేటన నున్నను, నెలల తరబడి వీడని కడుపుబాధకు దుకాణమునకు గాక వైద్యునొద్దకు పొండు. మ్రింగుచున్న ప్రతి బిళ్ల అట్టను వెంట కొనిపొండు. వ్రేలితో పరీక్షింపవలెనని ఆయన అన్నచో కాదనకుడు.