మెదడువాపుకు కారణం ఒక్కటి కాదు

2024 వానాకాలం మొదట్లో గుజరాత్‌లో, పక్కనున్న కొన్ని రాష్ట్రాల్లో పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, ఫిట్స్ రావడం, గంటల వ్యవధిలోనే స్పృహ తప్పడం మొదలైంది. జూన్ నుంచి ఆగస్టు నడిమి దాకా 245 కేసులు నమోదయ్యాయి. వారిలో 82 మంది చనిపోయారు. అందరి నోటా ఒకటే మాట: చండీపురా వైరస్. కానీ పరీక్షల్లో ఆ వైరస్ ఉన్నట్టు తేలింది 64 మందిలోనే. మిగిలిన 181 మందివీ అవే లక్షణాలు, వాళ్ల తల్లిదండ్రులదీ అదే గుండెకోత. ఆ పిల్లల మెదడు మీద దాడి చేసింది ఏమిటన్నది మాత్రం ఆ పేరుతో తేలలేదు. మెదడువాపు అనగానే మనం ఒక జబ్బును ఊహించుకుంటాం. దోమ కుట్టింది, వైరస్ ఎక్కింది, మన చేతుల్లో ఏమీ లేదు అనుకుంటాం. ఈ దేశంలో ఎన్నో ఏళ్లపాటు పిల్లల ప్రాణాలు పోవడానికి జబ్బుతో పాటు ఈ ఊహ కూడా కారణమైంది.

వైద్యులు దీన్ని అక్యూట్ ఎన్‌సెఫలైటిస్ సిండ్రోమ్, పొట్టిగా ఏఈఎస్ అంటారు. హఠాత్తుగా జ్వరం వచ్చి, దాంతోపాటు మాట తడబడినా, మనుషుల్ని గుర్తుపట్టలేకపోయినా, స్పృహ తప్పినా, మునుపెన్నడూ లేని ఫిట్స్ వచ్చినా రోగిని ఆ ఖాతాలో రాస్తారు. మారుమూల పీహెచ్‌సీ కూడా ల్యాబ్ కోసం చూడకుండా కేసు నమోదు చేసి, ఎక్కడో ఏదో ముసురుకుంటోందని పైవాళ్లను హెచ్చరించాలన్నదే దీని ఉద్దేశం. నిఘాకు ఇది చాలా అవసరం, తీసేయమని ఎవరూ అనరు. అయితే ఇది ఆస్పత్రి రిజిస్టర్‌లో మొదటి వరస మాత్రమే. రెండో వరసలో కారణం పడాలి. వైద్యం నడిచేది దాన్ని బట్టే.

ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ చరిత్ర చూస్తే ఇది బోధపడుతుంది. మన దేశంలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌ను 1955లో తమిళనాడులోని వెల్లూరులో గుర్తించారు. వరిచేలలో పెరిగే క్యూలెక్స్ దోమలు కొంగల్లాంటి నీటిపక్షుల నుంచి, పందుల నుంచి ఆ వైరస్‌ను మనుషులకు చేరుస్తాయి. 2005లో తూర్పు ఉత్తరప్రదేశ్‌లో అది వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. మరుసటి ఏడాది టీకా కార్యక్రమం మొదలై, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ కేసులు తగ్గుతూ వచ్చాయి. అయినా వానాకాలం వచ్చేసరికి గోరఖ్‌పూర్ వార్డులు నిండుతూనే ఉన్నాయి. నీళ్లలోని వైరస్‌లేమో అన్న అనుమానంతో కొన్నేళ్లు గడిచాయి. 2014 తర్వాత జరిగిన పరీక్షల్లో ఏఈఎస్ రోగుల్లో 60 శాతానికి పైగా స్క్రబ్ టైఫస్ ఆనవాళ్లు కనిపించాయి. ఇది వైరస్ కాదు, బ్యాక్టీరియా. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుడితే వస్తుంది. జ్వరం వచ్చిన మొదటి రోజుల్లోనే డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ లాంటి మామూలు మందులకు లొంగుతుంది. ఆలస్యమైతే మెదడుకు పాకుతుంది. చవకగా దొరికే మాత్రతో ఆగగలిగిన జబ్బు, మందే లేని వైరస్‌ల లెక్కలో కలిసిపోయి ఎన్ని ఇళ్లు చీకటి చేసిందో తలచుకుంటే మనసు కుతకుతలాడుతుంది.

బీహార్‌లోని ముజఫర్‌పూర్ కథ ఇంకా భిన్నమైనది. 1990ల నుంచీ అక్కడ మే, జూన్ నెలల్లో, సరిగ్గా లిచీ పండ్ల కాలంలో, రాత్రి బాగానే పడుకున్న పిల్లలు తెల్లవారుజామున ఫిట్స్‌తో లేచేవారు. చాలామందికి జ్వరం కూడా ఉండేది కాదు. ఎన్ని వైరస్‌ల కోసం వెతికినా ఏదీ దొరకలేదు. 2014 వేసవిలో అక్కడి రెండు ఆస్పత్రుల్లో చేరిన 390 మందిపై భారత, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి అధ్యయనం చేశారు. అందులో 122 మంది చనిపోయారు. చేరేటప్పుడు చక్కెర పరీక్షించినవారిలో 62 శాతం మందికి రక్తంలోని గ్లూకోజు డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములు లేదా అంతకంటే తక్కువే ఉంది. లిచీలో హైపోగ్లైసిన్ అనే పదార్థం ఉంటుంది. ఒంట్లో చక్కెర తగ్గినప్పుడు శరీరం కొవ్వును కరిగించి, కొత్త గ్లూకోజు తయారుచేసుకుని మెదడును కాపాడుకుంటుంది. ఆ దారిని ఇది మూసేస్తుంది. తిండి సరిగా అందే పిల్లల కాలేయంలో గ్లూకోజు నిల్వ ఉంటుంది, వాళ్లకు ఏమీ కాదు. పగలంతా తోటల్లో రాలిన పండ్లు తిని, రాత్రి అన్నం తినకుండా నిద్రపోయిన బక్కచిక్కిన పిల్లల్లో ఆ నిల్వ తెల్లారేలోగా ఖాళీ అవుతుంది. నిజానికి ఇది మెదడు వాచిన జబ్బు కాదు, మెదడుకు ఇంధనం అందక వచ్చిన ముప్పు. లిచీని తిట్టిపోసి రైతుల నోట మట్టికొడుతున్నారని అక్కడివారు బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. అదే పండు దేశమంతా తింటోంది, తిండి సరిగా అందేవారికి ఏమీ కావడం లేదు. పండు నిమిత్తం, అసలు కారణం ఆకలి. అందుకే పరిష్కారం కూడా తేలికైనది: పిల్లలకు రాత్రి అన్నం పెట్టి పడుకోబెట్టడం, ఆస్పత్రికి రాగానే చక్కెర చూసి గ్లూకోజు ఎక్కించడం. ఈ సలహాల తర్వాత కేసులు బాగా తగ్గాయి. 2019 ఎండల్లో మళ్లీ 150 మందికి పైగా చనిపోయారు. శాస్త్రం తెలిసి కూడా పల్లెల్లో దాన్ని ఆచరించడం ఆగిపోతే ఏమవుతుందో ఆ జూన్ నెల చెప్పింది.

మన దగ్గరా ఈ అనుభవం ఉంది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ ప్రాంతాల్లో, 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది చనిపోయారు. చాలామంది ఆస్పత్రిలో చేరిన 48 గంటల్లోపే పోయారు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అన్న అనుమానం దగ్గరే ఆగిపోకుండా పుణె వైరాలజీ సంస్థ వెతికితే దొరికింది చండీపురా. 1965లో నాగపూర్ దగ్గరి పల్లెలో కనుగొన్నప్పటి నుంచీ పెద్దగా ఎవరూ పట్టించుకోని వైరస్ అది. దాన్ని ప్రధానంగా మోసేది దోమ కాదు, మట్టిగోడల పగుళ్లలో ఉండే శాండ్‌ఫ్లై. నీటిగుంటల్లో దోమల మందు చల్లితే దానికేమీ కాదు, మందు గోడల మీద పడాలి. మన అల్లూరి సీతారామరాజు జిల్లాకు సరిహద్దయిన ఒడిశాలోని మల్కన్‌గిరిలో 2016లో పిల్లలు చనిపోయినప్పుడు అందరూ పందులనే అనుమానించారు. తర్వాత కొందరు పిల్లల్లో కసివింద గింజల విషం బయటపడింది. ఆకలేసిన పిల్లలు అడవిలో దొరికింది తిన్నారు.

ఫిట్స్‌తో కొట్టుకుంటున్న పిల్లవాడి ముందు కారణాలు వెతుకుతూ కూర్చుంటామా అని డాక్టర్లు అడగవచ్చు. కూర్చోనక్కరలేదు. ఊపిరి ఆడేలా చూడటం, ఫిట్స్ ఆపడం ఎవరి అనుమతికీ ఆగవు. వేలి మీద ఒక చుక్క రక్తంతో చక్కెర చూడటానికి నిమిషం చాలు, ఆ యంత్రం ఇవాళ ఎన్నో ఇళ్లలో ఉంది. వెన్నులోంచి నీరు తీసి పంపి, ఫలితం వచ్చేలోగానే లొంగే జబ్బులన్నిటికీ మందు మొదలుపెట్టవచ్చు. బ్యాక్టీరియాకు యాంటీబయాటిక్, స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్, హెర్పిస్ వైరస్‌కు ఎసైక్లోవిర్. హెర్పిస్ మెదడువాపులో మందు పడకపోతే పదిమందిలో ఏడుగురు చనిపోతారు, సమయానికి పడితే ఎక్కువమంది బతుకుతారు. ఎంత మంచి ల్యాబ్ ఉన్నా చాలా కేసుల్లో కారణం తేలదు కదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. తేలదు, నిజమే. కానీ తేలిన ప్రతి కారణం ఆ ఒక్క రోగితో ఆగదు. గోరఖ్‌పూర్‌లో స్క్రబ్ టైఫస్ బయటపడ్డాక మందు పల్లె పీహెచ్‌సీ దాకా వచ్చింది. ముజఫర్‌పూర్‌లో గ్లూకోజు సంగతి తేలాక అంగన్‌వాడీ కార్యకర్త రాత్రి భోజనం గురించి అడగడం మొదలుపెట్టింది.

కారణాన్ని బట్టే ఫలితమూ మారుతుంది. చక్కెర పడిపోయిన పిల్లవాడికి వెంటనే గ్లూకోజు అందితే తేరుకుని మునుపటిలా ఆడుకోగలడు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ముదిరితే 30 శాతం దాకా చనిపోతారు, బతికినవారిలో 20 నుంచి 30 శాతం మందికి మాట పడిపోవడం, కాళ్లుచేతులు బిగుసుకుపోవడం, మూర్ఛ, చదువు తలకెక్కకపోవడం, చీటికిమాటికి కోపం లాంటివి జీవితాంతం మిగులుతాయి. అంత నష్టం జరిగాక దాన్ని వెనక్కి తెచ్చే మందు లేదు, ముందే ఆపే టీకా ఉంది. ఎంపిక చేసిన జిల్లాల్లో 9 నెలలకు ఒకటి, 16–24 నెలల మధ్య ఇంకొకటి ఉచితంగా వేస్తారు. ప్రభుత్వ లెక్కల్లో కేసులు, మరణాలు అని రెండు గడులే కనిపిస్తాయి. డిశ్చార్జి అయి ఇంటికి చేరాక నడక మళ్లీ నేర్చుకోవలసిన పిల్లలకు మూడో గడి కావాలి. జిల్లా ఆస్పత్రిలోనే ఫిజియోథెరపీ, ఆగకుండా అందే మూర్ఛ మాత్రలు, బడిలో చేర్చుకునే ఏర్పాటు, ఆరు నెలలకోసారి ఇంటికొచ్చి చూసే ఆశా కార్యకర్త కూడా కావాలి. ఇవి సరిగా అందక ఆ భారమంతా ఇప్పుడు తల్లులే మోస్తున్నారు, వారిలో చాలామంది పిల్లల కోసం కూలిపని మానుకుంటున్నారు.