ఒకే మతం, రెండు పక్షాలు

స్పెయిన్ అంతర్యుద్ధం (1936–39) అనగానే మన రచయితలకు లోర్కా, కాడ్వెల్ గుర్తుకొస్తారు. ఒకవంక రిపబ్లిక్, మరొకవంక ఫాసిజం. ఈ విభజన సరైనదే. కాని పల్లెల్లో ఎవరు ఎటు నిలిచారో, ఎందుకు నిలిచారో తెలియకుండా వ్రాసే కథ కరపత్రంగానే మిగిలిపోతుంది.

ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతాన్నీ, పొరుగునున్న నవార్రానూ తీసుకుందాం. రెండుచోట్లా కాథలిక్ మతనిష్ఠ గాఢమైనది. నవార్రా ఉత్తరపు కొండపల్లెల్లో బాస్క్ భాషే ఇంటిభాష. అయినా 1936 జూలైలో సైన్యం తిరగబడగానే దారులు చీలాయి. జనరల్ మోలా తిరుగుబాటును నడిపింది నవార్రా రాజధాని పాంప్లోనా నుంచే. కార్లిస్టు రైతుబిడ్డలు వేల సంఖ్యలో ఎర్రటోపీలు ధరించి అతని వెంట నడిచారు. బిస్కాయా, గిపుస్కోవాలలోని బాస్క్ జాతీయవాదులు కూడా చర్చిని నమ్మినవారే. కాని వారు రిపబ్లిక్ పక్షాన నిలిచారు. అక్టోబరులో వారికి స్వయంపాలన లభించింది.

కాబట్టి మతం ఒక్కటే ఈ చీలికకు కారణం కాజాలదు. మరి వర్గమా? నవార్రా దక్షిణాన రిబేరా మైదానంలో ఆ మాట చాలావరకు నిజం. పందొమ్మిదవ శతాబ్దంలో అమ్ముడుపోయిన ఊరుమ్మడి భూములను తిరిగి ఇమ్మని అక్కడి కూలీలు పోరాడుతూ వచ్చారు. యుద్ధరంగమే లేని ఆ నవార్రాలో దాదాపు 3,000 మందిని చంపారు. వారిలో అధికులు రిబేరావారే. ఎనభైమందికి పైగా హతులైన సార్తగూడాకు 'వితంతువుల ఊరు' అన్న పేరు మిగిలింది. ఎవరి పేరు చెప్పాలో చంపేవాళ్ళకు తెలిపింది చాలాచోట్ల ఇరుగుపొరుగువారే.

ఉత్తరాన ఉన్న చిన్నరైతు భూస్వామి కాడు. అయినా భూస్వాముల పక్షాన పోరాడాడు. దానిని అజ్ఞానమని కొట్టిపారేయడం విమర్శకునికి సులభం, రచయితకు చాలదు. ఆ రైతుకు సొంత చెలక ఉంది, ఊరుమ్మడి అడవి చేజారలేదు. తాతలు పాల్గొన్న కార్లిస్టు యుద్ధాల కథలు, పూజారి మాట, రిపబ్లిక్ తన చర్చిని కూల్చుతుందన్న భయం అతనిలో కలిసి పనిచేశాయి.

1937లో ఫ్రాంకో బిస్కాయా, గిపుస్కోవాలను ద్రోహులన్న పేరుతో శిక్షించి, వాటి ఆర్థిక హక్కులను రద్దుచేశాడు. నవార్రాకు బిరుదు ఇచ్చాడు. ఆ బిరుదు కింద రిబేరా సమాధులు మరుగునపడ్డాయి.

వర్గదృష్టి అంటే ఆస్తి చూసి పక్షం ముందే నిర్ణయించడం కాదు. కొండరైతు అటు ఎందుకు వెళ్ళాడో అతని ఇంట్లోంచి చూపగలిగిన రచయితే, మైదానపు కూలీ చావు ఎంత అన్యాయమో నమ్మేటట్లు చెప్పగలడు.