చెక్కు వాపసు వస్తే ఏ పుస్తకం చూడాలి?

ఒక సంఘం తనిఖీలో ఫైలులో 38,000 రూపాయల చెక్కు కనిపించింది. పాలు కొన్న హోటలువారు ఇచ్చినది. ఖాతాలో సొమ్ము లేదని బ్యాంకు వాపసు చేసింది. కార్యదర్శిగారు గ్రంథాలయానికి వెళ్లి చట్టం పుస్తకం చూశారు. నోటీసుకు 15 రోజులే గడువని అందులో ఉంది. అప్పటికి 18 రోజులు గడిచాయి. ఇక లాభం లేదని ఊరుకున్నారు.

ఆ పుస్తకం పాతది. 2002 సవరణతో ఆ గడువు 30 రోజులయింది. నేను చూసేనాటికి అదీ దాటింది, చెక్కు చెల్లే 3 నెలల కాలమూ దాటింది. సివిలు దావా దారి ఒక్కటే మిగిలింది. పోయినది పాలు పోసిన సభ్యుల సొమ్ము.

కనుక వెదికే పద్ధతి తెలుసుకుందాం.

మొదటిది చట్టం పాఠం. చెక్కులకు వర్తించేది 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, సెక్షన్ 138 మొదలు. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడగండి. పుస్తకం చేతికి రాగానే ముద్రణ సంవత్సరం చూడండి. తరువాత ఇండియా కోడ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులోని పాఠంతో సరిపోల్చండి. దానికి రుసుము లేదు.

రెండవది తీర్పులు. సుప్రీంకోర్టు తీర్పులు 2023 నుండి ఇ-ఎస్‌సిఆర్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. అయితే తీర్పు తరువాత చట్టం మారిందేమో చూడాలి. చెక్కు ఇచ్చినవారి బ్యాంకు ఉన్నచోటనే కేసు వేయాలని 2014లో తీర్పు వచ్చింది. 2015 సవరణతో అది మారింది. సంఘం ఖాతాలో జమకు వేసిన చెక్కయితే, ఆ ఖాతా ఉన్న శాఖ పరిధిలోని కోర్టులోనే వేయవచ్చు.

మూడవది రిజర్వు బ్యాంకు ఉత్తర్వులు. సెక్షన్ 138లో 6 నెలలు అన్న మాట ఉన్నా, చెక్కు చెల్లే కాలం ముందే ముగిస్తే అదే లెక్క. రిజర్వు బ్యాంకు 2012 ఏప్రిల్ 1 నుండి దానిని 3 నెలలకు తగ్గించింది. చట్టం ఒక్కటే చదివినవారు ఇక్కడ పొరబడతారు.

గుర్తుంచుకోవలసిన గడువులు ఇవి: వాపసు సమాచారం బ్యాంకు నుండి అందిన 30 రోజులలో లిఖితపూర్వక నోటీసు, నోటీసు అందిన 15 రోజులలో వారు చెల్లించకపోతే, ఆపైన ఒక నెలలోగా కోర్టులో ఫిర్యాదు.

ఇదంతా వకీలు చూసుకునే పని కాదా అనవచ్చు. నిజమే. కాని గడువు తెలిస్తేనే గదా సకాలంలో వకీలు దగ్గరకు వెళ్లేది. బ్యాంకు చీటీ అందిన తేదీని ఆ రోజే రిజిస్టరులో వ్రాసి, పోస్టు రశీదులు భద్రపరచవలసిందిగా కార్యదర్శులకు మనవి.