మామిడి ఎంత? చిలక ఎంత?

ఆదివారం పొద్దున్నే మా ఇంటి వాట్సాప్ గ్రూపులో బాబాయి ఓ బొమ్మల లెక్క పడేస్తాడు. కింద ‘నూటికి ఒక్కరే చెప్పగలరు’ అని సవాలు. పదింటికల్లా నలుగురు నాలుగు జవాబులు చెప్పి, ఇద్దరు అలుగుతారు.

2016లో ఫేస్‌బుక్‌ను ఊపేసిన పండ్ల లెక్క గుర్తుందా? యాపిల్ 10, అరటి అత్తం 4, రెండు కొబ్బరి చిప్పలు 2. ఆఖరి వరుసలో మాత్రం గుట్టుగా ఓ అరటిపండు తగ్గించి, ఒక్క చిప్పే ఉంచారు. అందుకే జవాబు 16 కాదు, 14 అన్నారు. ఇది కంటికి పెట్టిన పరీక్ష. వీటి మీద నాకు పెద్ద గౌరవం లేదు. బుర్రకు పని పెట్టేవి గుణకారం లెక్కలు.

ఒకటి చూడండి. మామిడి, చిలక, గొడుగు, కుండ, గాలిపటం: అయిదు బొమ్మలు, అయిదు వేర్వేరు అంకెలు. వరుసగా పేరిస్తే ఓ అయిదంకెల సంఖ్య. దాన్ని 4తో హెచ్చవేస్తే అవే బొమ్మలు తిరగబడి గాలిపటం, కుండ, గొడుగు, చిలక, మామిడిగా వస్తాయి.

ముందు మామిడిని పట్టుకోండి. మామిడి 3 అయినా లబ్ధం ఆరంకెలకు పోతుంది. పైగా లబ్ధం చివర కూర్చునేదీ మామిడే. నాలుగో ఎక్కంలో బేసి అంకెకు చోటు లేదు. కాబట్టి మామిడి 2. గాలిపటాన్ని 4తో హెచ్చవేస్తే చివర 2 రావాలి: 3 గానీ 8 గానీ. లబ్ధం 80 వేలు దాటుతుంది గనుక 8. నాలుగు ఎనిమిదులు 32. రెండు వేసి మూడు చేతిలో పెట్టుకుంటాం. ఆ మూడు కలిసేసరికి చిలక బేసి అయిపోతుంది. 3 అయితే ముందున్న 8 చెడుతుంది, కనుక 1. కుండ 2 లేదా 7 కావాలి. 2 మామిడి తీసేసుకుంది, కుండ 7. నాలుగు ఏడులు 28, చేతిలోని మూడుతో 31, మళ్లీ మూడు చేతిలో. గొడుగును 4తో హెచ్చవేసి ఆ మూడు కలిపితే చివర గొడుగే రావాలి, కనుక 9. 21978ని 4తో హెచ్చవేయండి, 87912 వస్తుంది. ఊహించి పెట్టిన అంకె ఒక్కటీ లేదు!

బొమ్మలేంటి, పిల్లల ఆటలా అనేవాళ్లకు ఓ మాట. తెలియని సంఖ్యలకు మన పాత గణితంలో పేర్లుండేవి. మొదటిది ‘యావత్తావత్’, అంటే ‘ఎంతయితే అంత’. తర్వాతివి రంగుల పేర్లు, కాలక, నీలక, పీతక: నలుపు, నీలం, పసుపు. రెండు తెలియనివాటిని హెచ్చవేస్తే వచ్చేదానికీ పేరుంది, భావితం. 628లో బ్రహ్మగుప్తుడే దీని గురించి రాశాడు. తర్వాత భాస్కరాచార్యుడు బీజగణితంలో ఇచ్చిన భావితం లెక్కను మన బొమ్మల్లోకి దించితే ఇలా ఉంటుంది: నాలుగు మామిళ్లు, మూడు చిలకలు, పైన ఓ రెండు కలిపితే, మామిడిని చిలకతో హెచ్చవేసినంత.

ఇక్కడో చిన్న ఉపాయం. మామిడిలోంచి 3, చిలకలోంచి 4 తీసి, మిగిలినవాటిని హెచ్చవేస్తే కచ్చితంగా 14 వస్తుంది. 14ను ఒకటి పద్నాలుగులుగానో, రెండు ఏడులుగానో విడదీయొచ్చు. మామిడి 4, చిలక 18. లేదా 5, 11. లేదా 10, 6. అదీ కాకుంటే 17, 5. నాలుగూ సరైనవే. మా గ్రూపులో పెడితే నలుగురూ గెలుస్తారు, ఎవరికీ అలిగే అవకాశమే ఉండదు.

అన్నీ ఇంత మెతకగా లొంగవు. యాపిల్‌ను అరటి, పైనాపిల్‌ల మొత్తంతో భాగించండి. మిగతా రెండు పండ్లకూ అలాగే చేయండి. మూడింటినీ కలిపితే 4 రావాలి. సున్నా, రుణ సంఖ్యలు, భిన్నాలు కుదరవు. చూడ్డానికి ఏడో తరగతి లెక్కే. దీని అతి చిన్న జవాబులోనే ఒక్కో పండు విలువ 80 అంకెలకు అటూ ఇటూ ఉంటుంది! ఎలిప్టిక్ కర్వ్‌లనే ఉన్నత గణితం దాకా వెళ్తే గానీ అది దొరకదు.

పోయిన ఆదివారం దాన్నే గ్రూపులో పెట్టాను. బాబాయి వెంటనే స్పందించాడు. ‘టిఫిన్ తినేసి చెప్తా’ అన్నాడు.