ఉప్పూ నిప్పూ జోడీ కడితే..!

ఛార్జింగ్ పెట్టి గేమ్ ఆడితే ఫోన్ వేడెక్కిపోతుంది కదా? కరెంటు అంటే ఎలక్ట్రాన్ల పరుగు. దారిలో అడ్డంకులు తగిలి కొంత శక్తి వేడిగా పోతుంది. ఈ నష్టం అస్సలు లేనివే సూపర్‌కండక్టర్లు. 1911లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త కామర్లింగ్ ఓనెస్ పాదరసంలో ఈ వింత చూశారు. కాకపోతే, దాన్ని మైనస్ 269 డిగ్రీల దాకా చల్లబరచాల్సి వచ్చింది.

ఇదెలా సాధ్యమో 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ చెప్పారు. ఎలక్ట్రాన్లు జంటలు కడతాయట! రెండూ మైనస్సే, ఉప్పూ నిప్పూ లాంటివి. మరి కలిపేదెవరు? ఓ ఎలక్ట్రాన్ వెళ్తుంటే చుట్టూ ఉన్న ప్లస్ అయాన్లు కాస్త అటు జరుగుతాయి. అవి మళ్లీ సర్దుకునేలోపే ఆ ప్లస్ రెండో ఎలక్ట్రాన్‌ని లాగేస్తుంది. ఈ బంధం బంతిలా అన్ని దిక్కుల్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది.

పువ్వులాంటి బంధం

1986లో కథ మలుపు తిరిగింది. జూరిక్ ఐబీఎం ల్యాబ్‌లో బెడ్నార్జ్, ముల్లర్ పింగాణీ లాంటి రాగి ఆక్సైడ్‌లో సూపర్‌కండక్టివిటీ పట్టుకున్నారు. మరుసటి ఏడాదే ఆ కుటుంబంలోని మరో పదార్థం మైనస్ 180 దగ్గరే పనిచేసింది. చల్లబరచడానికి చవకైన ద్రవ నైట్రోజన్ చాలు!

ఇక్కడ పాత జిగురు సరిపోదు. ఒకే రాగి పరమాణువు మీద రెండు ఎలక్ట్రాన్లు ఇమడడం మహా కష్టం. అందుకే జంట రూపమే మారింది: నాలుగు రేకుల పువ్వు. ఎదురెదురు రేకులకు ఒకే గుర్తు, పక్క రేకుకు వ్యతిరేక గుర్తు. ఈ ప్లస్, మైనస్ ఛార్జి కాదు, అలకుండే ఎత్తుపల్లాల్లాంటివి. రేకుల మధ్య బంధం సున్నా. అంటే ఒకే ఇంట్లో కాపురం, కానీ ఒకే కుర్చీలో కూర్చోరు!

రుజువేంటి? 1994లో ఐబీఎంకే చెందిన త్సూయీ, కర్ట్లీ బృందం వేర్వేరు దిక్కులకు తిరిగిన మూడు స్ఫటికాలు కలిసేచోట చిన్న రింగు చేసింది. మామూలు సూపర్‌కండక్టర్ రింగులో చిక్కే అయస్కాంత ప్రభావం 0, 1, 2 అంటూ పూర్తి యూనిట్లలోనే ఉంటుంది. ఇందులో మాత్రం దానంతటదే సగం యూనిట్ పుట్టింది. రింగు చుట్టి వచ్చేసరికి జంట గుర్తు తిరగబడితేనే ఆ సగం వస్తుంది.

రూపం తెలిసింది. మరి జిగురు? రాగి పరమాణువుల్లోని అయస్కాంత కదలికలేనని చాలామంది అనుమానం. అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం మాత్రం ఇంకా లేదు. అందుకే కొత్త సూపర్‌కండక్టర్ల వేట ఇప్పటికీ చాలావరకు వండి చూడటమే. 2023లో సోషల్ మీడియాని ఊపేసిన ఎల్‌కే-99 కూడా ఇతర ల్యాబ్‌ల పరీక్షల్లో నిలవలేదు. జిగురు రహస్యం తేలితే, రెసిపీ ముందే రాసుకుని వంట మొదలుపెట్టొచ్చు.